గాజుతొట్టిలో సముద్రము

మా కుశనూర్ బీదరు జిల్లాలోని గ్రామము. ఇచ్చటి నుండి ఏ దిక్కునకు బోయినను మూడు వందల కిలోమీటర్ల లోపల సముద్రము కానరాదు. మా పూర్వులలో సముద్రమును కన్నులార చూచినవారు చాల కొలదిమంది. వారును రామేశ్వర యాత్రకు బోయి, ఒక్క మునుక మునిగి, శంఖమో గవ్వలో మూటగట్టుకొని మరలి వచ్చినవారే. అట్టి ఊరిలో, మా యింటి నడవలో, గడచిన కొన్ని సంవత్సరములుగా ఒక గాజుతొట్టెడు సముద్రమున్నది. "మాస్టరింట్ల సముద్రమున్నదట" అని ఇరుగుపొరుగు పిల్లలు చూచి పోవుచుందురు. పెద్దలు చూచి నవ్వి పోవుచుందురు.

ఈ సంచికకు మన ఆచార వ్యవహారములను గూర్చి ఏదేని వ్రాయుమని సంపాదకులు కోరిరి. పెండ్లిపాటలను గూర్చియు పండుగలను గూర్చియు నాకంటె చక్కగ వ్రాయగలవారు మనలో పెక్కురు గలరు. నేను ముప్పదిరెండేండ్లు ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రము చెప్పినవాడను. నాకు తెలిసినది నీరు. కావున నీటిని గూర్చియే వ్రాయుచున్నాను. తుదకు ఇదియు మన వ్యవహారమే యని పాఠకులకు తోచినచో ధన్యుడను.

ఆ తొట్టి నాది కాదు, నా మనుమరాలిది. మా అబ్బాయి బెంగుళూరున ఉద్యోగము చేయుచున్నాడు. 2020లో కరోనా వ్యాధి ప్రబలి పట్టణములు మూతపడినపుడు వారు ముగ్గురును ఇల్లు చేరిరి. కారు వెనుక భాగమున బట్టల పెట్టెలకంటె ముందుగ ఈ తొట్టి ఎక్కినది. సముద్రపు నీరు డబ్బాలలోను, చేపలు ప్రాణవాయువు నింపిన సంచులలోను సుమారు 700 కిలోమీటర్లు ప్రయాణము చేసి వచ్చినవి. మఱుసటి యేడు వారు తిరిగి వెళ్ళునపుడు ఇంకొక ప్రయాణమునకు ఆ ప్రాణులు ఓర్వలేవని తొట్టిని నాకు అప్పగించిరి. మనుమరాలు పోవుచు పోవుచు, "తాతా, నువ్వు కెమిస్ట్రీ సారువు గదా, నీకు ఈజీ" అని చెప్పి పోయినది. ఆ మాట నాకు గర్వము కలిగించినది. ఆ గర్వమునకు చెల్లించిన మూల్యమే ఈ వ్యాసము.

తొట్టి చిన్నది. రాళ్ళును ఇసుకయు పోగా నిలుచు నీరు 50 లీటర్లు. అందులో రెండు విదూషక చేపలు, నాలుగు నత్తలు, కొన్ని మెత్త పగడములు. ఈ చేపలను సముద్రము నుండి పట్టి తెచ్చుట యిపుడు అవసరము లేదు. తొట్టెలలోనే గ్రుడ్లు పెట్టించి పెంచు విధానమును మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు సాధించియున్నారు. పగడముల విషయమున పాఠకులకు ఒక హెచ్చరిక చేయవలసియున్నది. గట్టి సున్నపు అస్థిపంజరము కట్టుకొని దిబ్బలు నిర్మించు రాతి పగడములను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద 2001లో పులి, ఏనుగులతో సమానముగ మొదటి షెడ్యూలులో చేర్చిరి. మన సముద్రముల నుండి వానిని తీయుటయు అమ్ముటయు నేరము. కావున మా తొట్టిలో నున్నవి అస్థిపంజరము లేని మెత్తని జాతులే. బొత్తాములవలె నుండునవి కొన్ని, పుట్టగొడుగులవలె నుండునవి కొన్ని, చేతులు ముడిచి విప్పుచున్నట్లు రేయింబగళ్ళు కదలుచుండునది ఒకటి. ఆ కదలునది మనుమరాలికి ప్రాణము. దానికి ఆమె "చప్పట్లు" అని పేరు పెట్టినది.

మన ఆడువారు నల్లపూసల నడుమ కూర్చు ఎఱ్ఱ పగడములు వేఱు. అవి మధ్యధరా సముద్రమున లోతునందు పెరుగు జాతివి. శతాబ్దముల తరబడి వర్తకులు తెచ్చి అమ్మినవి. మా యింటి ఆమె తన మెడలోని పగడమును, తొట్టిలోని పగడమును మార్చి మార్చి చూచి, "గిది బతికున్నదా, గిది సచ్చిపోయిందా?" అని అడిగినది. ప్రశ్న సరియైనదే. మనము మెడలో వేసికొనునది ఆ ప్రాణి కట్టుకొన్న యిల్లు. ఇల్లు కట్టుటకు సున్నము కావలెను. ఆ సున్నము నీటిలో నుండి రావలెను. ఇచ్చటనే క్షారత అను విషయము వచ్చుచున్నది.

క్షారత యనగా నీరు ఎంత ఆమ్లమును తనలో ఇముడ్చుకొని నిలువగలదో ఆ శక్తి. సముద్రపు నీటిలో ఈ శక్తి చాలవఱకు బైకార్బనేటు, కార్బనేటు లవణములవలన కలుగుచున్నది. జర్మనులు ఏర్పఱచిన కొలత ప్రకారము సహజమైన సముద్రజలమున ఇది సుమారు ఆరున్నర డిగ్రీలు. ఒక డిగ్రీ యనగా లీటరునకు దాదాపు 18 మిల్లీగ్రాముల కాల్షియము కార్బనేటుతో సమానము. తొట్టెలు పెంచువారు ఏడు నుండి పదకొండు డిగ్రీల నడుమ ఎక్కడనైనను నిలుపుదురు. పగడములు, నత్తలు, రాళ్ళపై గులాబిరంగున పాకు సున్నపు పాచి, ఇవి అన్నియు కాల్షియమును బైకార్బనేటును కలిపి సున్నము చేసికొనును. చిత్రమేమనగా, నీటిలో కాల్షియము లీటరునకు 400 మిల్లీగ్రాములకు పైగ నుండును. అందు 20 మిల్లీగ్రాములు ఖర్చగునప్పటికి క్షారత రెండు డిగ్రీల ఎనిమిది దశాంశములు తగ్గిపోవును. కాల్షియము పెద్ద గాదె వంటిది, క్షారత చేతిలోని చిల్లర వంటిది. ముందుగ తరుగునది చిల్లరయే. మహాసముద్రమున ఈ తరుగుదల తెలియదు. ఏబది లీటర్ల తొట్టిలో వారము తిరుగకముందే తెలియును.

మా తొట్టిలో రాతి పగడములు లేవు గనుక ఖర్చు స్వల్పము, దినమునకు డిగ్రీలో పదవవంతు. దానిని పూడ్చుటకు లీటరు శుద్ధజలమున 15 గ్రాముల వంటసోడా కలిపి యుంచుకొని, ప్రతి ఉదయము 10 మిల్లీలీటర్లు పోసెడివాడను. ఏబది లీటర్ల నీటికి గ్రామున్నర సోడా ఒక డిగ్రీని పెంచును. కావున ఈ లెక్క సరిపోవును. పాఠశాలలో వాడిన విధముగనే నూరు మిల్లీలీటర్ల నీటికి మిథైలు ఆరెంజి రెండు చుక్కలు వేసి, బ్యూరెట్టు నుండి పలుచని గంధకామ్లమును వదలి, పసుపు రంగు నారింజకు తిరుగు క్షణమును పట్టి కొలిచెడివాడను. రెండేండ్లు ఎనిమిది డిగ్రీలు కదలలేదు.

ఇక మా నేల సంగతి. బీదరు పట్టణము ఎఱ్ఱరాతి పీఠముపై నున్నది. ఆ రాతిని కన్నడమువారు జంబిట్టిగె అందురు. బహమనీ సుల్తానుల కాలమున 15వ శతాబ్దిలో పారసీక పద్ధతిని ఆ రాతిని తొలిచి, నౌబాదు వద్ద భూగర్భమున నీటిని నడపించిరి. దానినే కరేజు అనియు సురంగబావి యనియు పిలుతురు. మా వైపు నేల వేఱు. ఇది నల్లరేగడి, క్రింద నల్లరాయి. రేగడిలో త్రవ్వినచోట నెల్ల తెల్లని సున్నపు గడ్డలు తగులును. పూర్వము వానినే కాల్చి గోడలకు సున్నము చేసెడివారు. వాననీరు నేలలోని బొగ్గుపులుసు గాలిని కలుపుకొని ఈ గడ్డలను, రాతిలోని ఖనిజములను కఱగించుకొని బోరుబావి చేరును. అందుచే మా బోరు నీటితో పప్పు తొందరగ ఉడుకదు; కాగుబిందె అడుగున తెల్లని పెచ్చు కట్టును. ఆ నీటిని కొలిచితిని. నూరు మిల్లీలీటర్లకు 25 మిల్లీలీటర్ల ఆమ్లము పట్టినది. అనగా క్షారత 14 డిగ్రీలు.

2023 ఏప్రిల్ మాసమున ఎండలు మెండుగ కాచినవి. తొట్టి నీరు వేడెక్కకుండ పైన పంకా పెట్టితిని. పంకా గాలికి రోజునకు లీటరు నీరు ఆవిరియై పోవుచుండెను. ఆవిరియగునది నీరు మాత్రమే, ఉప్పు లోపలనే నిలుచును. కావున పోయవలసినది శుద్ధజలము. నేను ఊరిలోని శుద్ధజల కేంద్రము నుండి డబ్బా తెచ్చుకొనెడివాడను. ఆ నెలలో యంత్రము చెడి కేంద్రము మూతపడినది. బీదరు పోయి తెచ్చుటకు బద్ధకించి, "లీటరు నీటికి ఏమగును?" అని బోరు నీటిని పోయనారంభించితిని. ఇంటి ఆమె చూచి, "పప్పు ఉడుకని నీళ్ళల్ల చాపలు బతుకుతయా?" అన్నది. ముప్పదిరెండేండ్లు రసాయన శాస్త్రము చెప్పినవానికి వంటింటి నుండి పాఠమా యని వినలేదు.

లెక్క చాల సులభము. ఎనిమిదవ తరగతి బాలుడు చేయగలడు. పదునాలుగు డిగ్రీల నీరు లీటరు పోసినచో ఏబది లీటర్లలో 0.28 డిగ్రీ పెరుగును. సోడా నీటిని పోయుటయు మానలేదు. అందుచే తొట్టి తన ఖర్చును ఆ సోడాతో తీర్చుకొనుచుండగా, బోరు తెచ్చినదంతయు నిలువ చేరినది. పదునాలుగు దినముల తరువాత కొలిచితిని. 11.8 డిగ్రీలు! చేతులు వణకినవి.

ఇప్పుడు చల్లబడిన బుద్ధితో చూచినచో, 11.8 అనునది ప్రాణాపాయమైన సంఖ్య కాదు. బోరు నీటిని మాని, శుద్ధజలము పోసి, సోడా ఆపి, నాలుగు దినముల కొకసారి కొంత నీరు మార్చినచో నెల రోజులలో అదియే దిగివచ్చియుండెడిది. కాని నాకు నెల రోజులు ఓర్చుకొను మనస్సు లేకపోయినది. తప్పు జరిగినదను సిగ్గు, ఆదివారమునాటికి మనుమరాలికి "ఎనిమిది" అని చెప్పవలెనను తొందర. ఆ రాత్రియే లెక్క కట్టి 70 మిల్లీలీటర్ల హైడ్రోక్లోరికామ్లమును, పాఠశాలలో వాడు నార్మలు బలమునది, నీట కలిపి తొట్టిలో పోసితిని. పది నిమిషముల తరువాత కొలిచిన సరిగ ఎనిమిది. లెక్క తప్పలేదు. నేనే తప్పితిని.

ఆమ్లము బైకార్బనేటును విరిచి బొగ్గుపులుసు గాలిని పుట్టించును. ఆ గాలి వెలికి పోవువఱకు నీటి పుల్లదనము హెచ్చును. నీరు చిలుకబడుచున్నచో కొన్ని గంటలలో అది పోవును. నేను పరుండిన అరగంటకు కరెంటు పోయినది. నాలుగు గంటలు రాలేదు. మోటారు నిలిచినది. గాలి బయటికి పోలేదు, ప్రాణవాయువు లోపలికి రాలేదు. తెల్లవారి చూచునప్పటికి ఒక చేప ఇసుకపై ఒరగియున్నది. బొత్తాములన్నియు ముడుచుకొన్నవి. "చప్పట్లు" కదలుట మానినది. మూడవ దినమున అది కఱగి జిగురై, చేతికి అందకుండ పోయినది.

ఆదివారము మనుమరాలు ఫోను చేసినది. ఆమె పుట్టి పెరిగినది బెంగుళూరు. బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడము. ఆమెకు నాతో మాటాడుటకు ఈ తొట్టి తప్ప వేఱు విషయము లేదు. వారమున కొక పావుగంట ఆమె నోట తెలుగు పలికినదన్న అది ఈ చేపలవలననే. ఇదివఱలో సెలవులకు వచ్చినపుడు ఆమె పలుకుబడిని దిద్దవలెనని పది దినములలో పదేండ్ల పాఠము చెప్పబోయి, ఆమె మౌనము వహించునట్లు చేసినవాడనును నేనే. ఈ చేపలు ఆ మౌనమును విడిపించినవి. ఇప్పుడు చేప పోయినదని యెట్లు చెప్పుదును?

"తాతా, చాపలు మంచిగున్నయా?" అని అడిగినది. "మంచిగున్నది బిడ్డా" అంటిని. అసత్యమాడలేదని నా మనస్సుకు నేనే చెప్పుకొంటిని. రెండవ ఆదివారమును అట్లే గడచినది. మూడవ ఆదివారము ఆమె కొంతసేపు ఊరకుండి, "తాతా, నేను ‘ఉన్నయా’ అని అడుగుతే నువ్వు ‘ఉన్నది’ అంటున్నవు. ఒక్కటే ఉన్నదా?" అన్నది.

పన్నెండేండ్ల పిల్ల, తెలుగు అక్షరము వ్రాయనేరదు, ఏకవచన బహువచనముల భేదమున నన్ను పట్టుకొన్నది. ఆ క్షణమున సిగ్గుతో తల వంగినది. లోలోపల ఏదో సంతోషమును కలిగినదని దాచనేల? జరిగినదంతయు చెప్పితిని. "ఇన్ని దినాల సంది నాకెందుకు చెప్పలే?" "నువ్వు బాధపడుతవని, బిడ్డా." "ఇప్పుడు పడుతలేనా?" నా కడ సమాధానము లేదు. కొంత తడవునకు ఆమెయే, "సరే, ఇప్పుడు నీళ్ళు ఎంతున్నయి? ఇగ నుంచి ఎంతుంటె గంతే చెప్పు" అన్నది. నాటి నుండి మా నడుమ నియమమదియే. ఉన్నది ఉన్నట్లు చెప్పుట.

తరువాత నేను నేర్చుకొన్న పద్ధతిని చిన్న తొట్టెలు పెంచువారి ప్రయోజనము కొఱకు వ్రాయుదును. పోయు నీటిని ముందు కొలువవలెను. శుద్ధమని పేరున్నంత మాత్రమున నమ్మరాదు. వానకాలమున తొలి జల్లులు కప్పును కడిగిన తరువాత పట్టిన వాననీరు మాకు మిక్కిలి మేలు చేసినది. బుధవారమును ఆదివారమును ఒకే వేళకు కొలువవలెను. క్షారత తగ్గినను పెరిగినను దినమునకు అర డిగ్రీకి మించి కదలింపరాదు. వారమునకు ఐదు లీటర్ల నీరు మార్చునపుడు క్రొత్త నీటి క్షారత పాత నీటితో సరిపోలునట్లు చూడవలెను. కరెంటు పోయిన రాత్రికి బ్యాటరీతో నడచు చిన్న గాలిమోటారు సిద్ధముగ నుండవలెను. అన్నిటికంటె ముఖ్యము, సంఖ్య చూచి గాబరాపడి ఆ రాత్రియే ఏదియు పోయరాదు.

ఏడున్నర మేలా, తొమ్మిది మేలా యని తొట్టెలవారు వాదించుకొందురు. ఏడున్నరలో బ్రతుకు ప్రాణి యున్నది, తొమ్మిదిలో బ్రతుకు ప్రాణి యున్నది. నేడు ఏడున్నర, రేపు తొమ్మిది, ఎల్లుండి ఏడు అయినచో బ్రతుకు ప్రాణి మాత్రము అరుదు. మహాసముద్రమునకును ఇదియే చిక్కు వచ్చినది. యంత్రయుగము మొదలైన నాటి నుండి మనము వదలిన బొగ్గుపులుసు గాలిలో కొంత భాగము సముద్రము పీల్చుకొన్నది. దాని పైనీటి పీహెచ్ సుమారు 8.2 నుండి 8.1కి దిగినది. చూచుటకు చిన్న మార్పు. కాని సున్నపు యిండ్లు కట్టుకొను ప్రాణులకు కార్బనేటు దొరకుట కష్టమైనది. దానికి తోడు నీటి వేడి పెరిగి 1998లోను, 2010లోను, 2016లోను లక్షద్వీపముల పగడములు తెల్లబోయినవి. నేను ఒక రాత్రి చేసిన పనినే మానవజాతి రెండు శతాబ్దములుగ చేయుచున్నదని నాకు తోచినది.

మన విషయమునకు వత్తును. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము విడిపోయి బీదరు మైసూరు రాష్ట్రమున చేరిన నాటి నుండి మన కుటుంబములు నాలుగు భాషల నడుమ నిలిచియున్నవి. బడిలో కన్నడము, సంతలో మరాఠీ, పాత కాగితములలో ఉర్దూ, పొయ్యికడ తెలుగు. మన తెలుగులో పరాయి మాటలెన్ని కలిసినవని లెక్కించి దుఃఖించువారున్నారు. నేనును అట్టివాడనే. ఇప్పుడు నాకు తోచునదేమనగా, ఆ సంఖ్య ఏడున్నరయైనను తొమ్మిదియైనను ప్రమాదము లేదు. దినదినము ఖర్చగునది దినదినము పూడుచున్నదా యనునదే ప్రశ్న. ఉగాదినాడు వేదికపై ఒక్కసారి కుమ్మరించి, సంవత్సరమంతయు మఱచినచో నిలుచునది లేదు. పిల్లలు తప్పు పలికిరని ఒక్క పూటలో దిద్దబూనుట నేను పోసిన ఆమ్లము వంటిది. లెక్క సరిపోవును, ప్రాణి ముడుచుకొనును.

2024లో నా కంట శుక్లము ముదిరినది. బ్యూరెట్టు క్రింద పసుపు ఎప్పుడు నారింజయగుచున్నదో తెలియక, కొలత ఒకనాడు ఏడు, మఱునాడు తొమ్మిది రాసాగినది. నీరు బాగుగనే యున్నది, కన్నే కదలినది. శస్త్రచికిత్సకు బోయినపుడు దసరా సెలవులు. మనుమరాలు పది దినములకు వచ్చి తొట్టిని తాను చూచుకొన్నది. నా లెక్కల పుస్తకము తెలుగున నున్నది. ప్రతి ఆదివారము అందులోని పుటను ఫొటో తీసి పంపుచుంటిని గనుక ఆమెకు కొన్ని మాటలు గుర్తు పట్టుట వచ్చినది. మిగిలినవానిని నాయనమ్మను అడిగి, వ్రేలు పెట్టి కూడబలుకుకొని చదివినది. పాఠము చెప్పుటకు నాకు కట్టు కట్టిన కన్నుండుట మేలే అయినది.

కట్టు విప్పిన తరువాత పుస్తకము తెఱచి చూచితిని. నా వ్రాత క్రింద పెద్ద పెద్ద అక్షరములతో ఆమె వ్రాసినది: "నీల్లు 8.1. చాప మంచిగున్నది."

ఆ లకారమును నేను దిద్దలేదు.